మోకాళ్ల కేసు, మేడ మీద రాజీ

ప్రొద్దుటూరు కోర్టులో ఇంటివాళ్లకూ అద్దెవాళ్లకూ రాజీ కుదిర్చే గది మొదటి అంతస్తులో ఉంది. నేను వేసిన పిటిషన్‌లో ఉన్న బాధ ఒక్కటే, మెట్లు ఎక్కలేనని. ఈ రెండు సంగతులూ విడివిడిగా తెలిసినవాళ్లు ఆ కోర్టులో చాలామంది ఉన్నారు. రెండింటినీ కలిపి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

మాది ప్రొద్దుటూరులోనే రెండంతస్తుల సొంత ఇల్లు. పైన నేనొక్కదాన్నే ఉండేదాన్ని. కింద ముందుగదిలో కాలిన బోరుమోటార్లకు వైండింగ్ చేసే షాపు, వెనక రెండు గదుల్లో ఆ షాపాయన సంసారం. ఆయన వీరపునాయునిపల్లె వైపు భూములున్న రైతు కుటుంబంవాడు. బోర్లలో నీళ్లు అడుగంటేకొద్దీ మోటార్లు కాలుతాయి కాబట్టి, సేద్యం ముంచినా సేద్యం మీదే బతికేవాడు.

నేను ముద్దనూరులో, జమ్మలమడుగులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా వెనకే నా మోకాళ్లూ రిటైరయ్యాయి. కింది గదులు నాకు కావాలి. ఆ మాట ఆయనతో చెప్పాలంటే ఇరవై మెట్లు దిగితే చాలు. నేను ఆ ఇరవై మెట్లూ దిగి, ఆయన షాపు ముందే ఆటో ఎక్కి, లాయరు దగ్గరికి పోయాను.

లాయరు నా మోకాళ్లతో తృప్తిపడలేదు. పిటిషనర్ మంచానికే పరిమితమయ్యారని రాశాడు. దానికి షాపాయన తరఫు లాయరు, పిటిషనర్ మంచి దేహదారుఢ్యం కలవారనీ, ప్రతి ఆదివారం చర్చికి మెట్లు దిగి వెళ్లి, తిరిగి సునాయాసంగా ఎక్కుతారనీ కౌంటరు వేశాడు. దేహదారుఢ్యం అన్న మాట చదివి నాకు ఒళ్లు మండిపోయింది. కుస్తీ పోటీలకు పేరిచ్చినదానిలాగా రాశారు నన్ను.

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాటలు బందయ్యాయి. ఒకే గేటు, ఒకే నీళ్లతొట్టి, మూడేళ్లు మాటల్లేవు. మా నీళ్లమోటారు కాలిపోతే కిందనే వైండింగ్ షాపు పెట్టుకొని నేను జమ్మలమడుగు నుంచి మనిషిని పిలిపించాను. వాడు దాన్ని రెండుసార్లు చెడగొట్టి పోయాడు. షాపు తెరిచి ఉన్నంతసేపూ నేను మెట్లు కావాలనే మెల్లగా, రెయిలింగు పట్టుకొని, మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కేదాన్ని. ఆయన చూడాలని. మూడో ఏడుకు వచ్చేసరికి నటించే పని తప్పింది. నిజంగానే అట్లా తప్ప ఎక్కలేకపోయాను.

జడ్జిగారు కేసును మధ్యవర్తికి పంపించారు. మా ప్రాంతంలో పంచాయితీ అంటే మనిషి ఒంటరిగా పోడు, తన తరఫు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొని పోతాడు. ఇది కోర్టు పంచాయితీ కదా, ఇంకా బరువుగా ఉండాలనుకున్నాం ఇద్దరమూ. నేను మా చర్చి పెద్దను తీసుకుపోయాను. షాపాయన తన పల్లె నుంచి ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో ఇద్దరిని పిలిపించుకున్నాడు. నాలుగు మాటలు మాట్లాడడానికి అంతమందిమి మెట్ల కింద చేరాం.

ఏడో మెట్టు దగ్గర నా కుడి మోకాలు మొరాయించింది. పైకి పోలేను, వెనక్కి తిరగలేను. రెయిలింగు పట్టుకొని నిలబడిపోయాను. చర్చి పెద్ద ప్రార్థన చేద్దామా అన్నట్టు చూశాడు. అప్పుడు కింద నుంచి షాపాయన గొంతు వినిపించింది.

"మామా, ఆ కుర్చీ ఇట్లా తే. ఆయమ్మ ఎక్కలేకపోతాంది."

ఆయన తరఫు లాయరు ఆయన పక్కకు వచ్చి గొణిగాడు. "ఎక్కగలదని కదప్పా మనం కౌంటరులో రాసింది?"

"కౌంటరు కిందనే ఉండనీ సార్. మనిషిని పైకి చేర్చనీ."

వద్దని నేను గట్టిగానే అన్నాను. ఎవరూ వినలేదు. ఆ ఇద్దరు పెద్దమనుషులూ, ఆయనా కలిసి బావిలోంచి మోటారు తీసినంత ఒడుపుగా నన్ను కుర్చీతో సహా ఎత్తి మధ్యవర్తి ముందు దించారు. సిగ్గుతో చచ్చిపోయాను. నా కేసును మాత్రం ప్రతివాదే స్వయంగా మోసుకొచ్చి రుజువు చేశాడు.

మధ్యవర్తి పులివెందుల నుంచి వచ్చిన లాయరు, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. ముందు పెద్దమనుషుల్ని మర్యాదగా బయటికి పంపించాడు. తరువాత, ఇక్కడ అన్నది ఏదీ కోర్టులో వాడుకోకూడదన్నాడు. అంటే నన్ను మోసుకొచ్చిన సంగతి కోర్టు దృష్టిలో జరగనే లేదు.

"మరి తీర్పు ఎప్పుడు చెప్తారు సార్?" అన్నాడు షాపాయన.

"నేను చెప్పను. మీరిద్దరే ఏదో ఒకటి అనుకోవాల."

మూడేళ్లలో మొదటిసారి మేమిద్దరం ఒకే అభిప్రాయానికి వచ్చాం, ఇతను ఎందుకూ పనికిరాడని. అనుకోవడం వచ్చుంటే మేము ఇక్కడికెందుకు వస్తామని నేను అడిగేశాను.

మధ్యవర్తికి కోపం రాలేదు. కేసు గెలిస్తే ఏం చేస్తారని నన్ను అడిగాడు. వెనక గదుల్లో పడుకుంటానన్నాను. గెలిస్తే ఏం చేస్తావని ఆయన్ని అడిగాడు. "షాపు చేసుకుంటా సార్. రైతులు ఈ అడ్రసుకే వస్తారు. షాపు యాడికి తీసకపోవాల నేను?" అన్నాడు. "షాపు ముందుగదిలో కదా, ఆమె అడుగుతాండేది వెనక గదులు కదా" అన్నాడు మధ్యవర్తి, అంతే. ముందుగది షాపుకు, వెనక గదులు నాకు, పైభాగం ఆయన సంసారానికి. మూడో తరగతి లెక్క. రిటైరైన లెక్కల టీచరుకు మూడేళ్లు పట్టింది.

సంతకాలయ్యాక షాపాయన పెన్ను మూత పెడుతూ అన్నాడు.

"మేడం, మీరు మెట్ల మీద నిలబడి ఒక్క మాట అడిగింటే, ఆ పొద్దే సామాన్లు పైకి ఎత్తిండేవాణ్ణి. ఖాళీ చెయ్యమని నోటీసు పంపిస్తిరి. ఎందుకు అడగలే మీరు?"

నేను నా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

మా నాయన మిషన్ బళ్లో టీచరు. ఈ ఊరికి బదిలీ అయినప్పుడు అద్దె ఇల్లు వెతకడానికి నన్ను వేలు పట్టుకొని తిప్పాడు. ప్రతి ఇంట్లోనూ గదులు చూపించేవాళ్లు, నీళ్లకు కరువు లేదని చెప్పేవాళ్లు, చివర్లో "మీరు ఎవురోళ్లప్పా?" అని అడిగేవాళ్లు. మా నాయన అబద్ధమాడడు. మా కులం చెప్పగానే ఆ ఇల్లు నిన్ననే మేనల్లుడికి మాటిచ్చామని వాళ్లకు గుర్తొచ్చేది. ఆ ఒక్క పొద్దులో ఊళ్లో మేనల్లుళ్లందరికీ ఇళ్లు దొరికాయి. మేము రెండు నెలలు బడి వరండాలో వండుకు తిన్నాం. ఆ మంటతోనే మా నాయన తరువాత ఈ ఇల్లు కట్టాడు.

ఇల్లు అడిగే మనిషి మొహం నేను చూశాను. అది మా నాయన మొహం. మళ్లీ అట్లా కులం అడిగే ఇళ్ల నుంచి వచ్చిన మనిషి ముందు నిలబడి రెండు గదులు ఇస్తావా అని అడగడం, అది నా ఇల్లే అయినా, నా వల్ల కాలేదు. కోర్టుకు పోతే అడగక్కర్లేదు, నోటీసు ఇస్తే చాలు. ఈయన నాకు ఏ చెడూ చెయ్యలేదు. ఆ మేనల్లుళ్ల మీది కోపమంతా మూడేళ్లు ఈయన మీద తీర్చుకున్నాను.

వరండాలో పెద్దమనుషులు ముగ్గురూ టీలు తాగి ఎటో వెళ్లిపోయారు. షాపాయన ఫైలు చంకలో పెట్టుకొని మెట్ల వైపు నడిచాడు. నేను కుర్చీలోనే ఉన్నాను.

"అప్పా," అన్నాను. "నన్ను కిందికి దింపుతావా?"

ఆయన వెనక్కి వచ్చి, నన్నేమీ అడక్కుండా, చెయ్యి అందించాడు.