మగ్గం చప్పుడులో అమ్మ విన్నది

ఇంట్లో మాటలు వినపడే పెద్దవాళ్లకు పెళ్లి సందడిలో వినపడకపోతే నటిస్తున్నారంటున్నాం. అది తప్పు. వినికిడి పరీక్షలు చేసేదాన్ని గనుక చెబుతున్నాను.

ఇవాళ ప్రొద్దుటూరులో మరమగ్గాల షెడ్డు దాటుతుంటే గంజి వాసన తగిలింది. మగ్గాల ఇళ్ల మిత్రులారా, మగ్గాల చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం, గుర్తుందా? మా చెల్లి ఉయ్యాల మగ్గం పక్కనే ఉండేది. ఒకరోజు అమ్మ ఉన్నట్టుండి మగ్గం మోటారు ఆపి నన్ను కేకేసింది.

"పాప గొంతు గురగురమంటాంది, సూడు పో!"

"నిద్దరపోతాందిమా. నాకేం ఇనపడల్యా."

"చెవుల్లో దూది పెట్టుకుండావా?"

చెల్లి గొంతులో నూలు ఉండ అడ్డుపడింది. అమ్మ బోర్లా తిప్పి వీపు చరిస్తే బయటపడింది. ఆ చెవి వల్లే నాకు చెల్లెలు మిగిలింది.

మగ్గం చప్పుడు లయగా హెచ్చి తగ్గుతుంది. తగ్గిన క్షణాల్లో చెవి చిన్న శబ్దాన్ని ఏరుకుంటుంది. వయసు మీదపడితే ఆ నేర్పు సన్నగిల్లుతుంది; అందుకే పెళ్లి సందడిలో పెద్దవాళ్లకు మాటలు అందవు. అయితే ఆరోజు అమ్మకు వినిపించడంలో చెవి పనితనమెంతో, తల్లి ధ్యాస ఎంతో నాకిప్పటికీ తెలియదు.