మూసీ ఒడ్డు ఇంటికి అతికించిన మూడు అద్దాలు

2011 సెప్టెంబరులో శిథిల భవనాల తనిఖీకి నన్ను ఎల్బీనగర్ వేశారు. అప్పుడు నేను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని. చేతికొచ్చిన మొదటి ఫైలు చైతన్యపురి దిగువన, మూసీ ఒడ్డునున్న పాత ఇంటిది.

1908 వరద తర్వాత కట్టిన ఇల్లది. కట్టినవాడెవరో గాని వరదను మరిచిపోకుండా కట్టాడు: మనిషెత్తు రాతి పునాది, పైన సున్నపు గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం దట్టించిన కప్పు, ఏటివైపు చెక్కస్తంభాల వరండా. అంతా మెచ్చుకుంటూనే, గోడల్లో మూడు పెద్ద పగుళ్లు చూసి ‘కూల్చదగినది’ అని నివేదిక చిత్తు రాసేసుకున్నాను. దాని మీద సంతకం పడితే ఖాళీ చేయాల్సింది అనసూయమ్మ కుటుంబం. పోచంపల్లి నుంచి వచ్చి, కొత్తపేటలో చీరల కొట్టు నడుపుకుంటూ కొనుక్కున్న ఇల్లు.

పద్ధతి ప్రకారం ప్రతి పగులుకూ అడ్డంగా సన్నని అద్దపు ముక్క అతికించి పక్కన గోడ మీద తేదీ వేశాను. పగులు ఇంకా కదులుతుంటే అద్దం విరుగుతుంది. లేకపోతే అది ఎప్పుడో ఆగిపోయిన పాత పగులే. ముందే తీర్పు రాసి తర్వాత సాక్షిని పిలవడమంటే ఇదే. వారం ఆగి సంతకం పెడదామనుకుంటే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసుకు తాళం, రోడ్డు మీద బస్సు లేదు. పైగా నాది గుంటూరు. ఆంధ్రా సారు ఇల్లు కూలగొట్టిస్తడట అని వాడలో అనుకుంటున్నారని విని అటు వెళ్లడానికి జంకాను.

సమ్మె ముగిశాక వెళ్తే, అనసూయమ్మ వాకిట్లోనే చెప్పేసింది.

“సారూ, రోజు పొద్దుగాల చూసిన. రెండద్దాలు మంచిగున్నయి. వెనుక మూలది పలిగింది. కొత్తది అతికిస్తే మీకు తెల్వకపోవు. గని గట్ల చేసినంక గా గోడ పక్కన పిల్లల్నెట్ల పండవెడ్త?”

నాకు సిగ్గేసింది. ఆ మూల ఇంకేమైనా గమనించావా అమ్మా అని అడిగాను.

“నల్లా నీళ్లు ఒచ్చిన దినమల్లా గాడ తడొస్తది సారూ.”

తవ్విస్తే, కొత్తగా కట్టిన స్నానాలగది పైపు పగిలి నీళ్లన్నీ పునాదిలోకే పోతున్నాయి. పైపు మార్చి, మూలను సున్నంతోనే బాగుచేయించి, కొత్త అద్దం అతికించాను. మరుసటి వానాకాలం దాటినా అది విరగలేదు. నివేదికలో ‘నివాసయోగ్యం’ అని రాశాను.

పరీక్ష ముగియకముందే ఫలితం రాయకూడదని, ఇంట్లో ఉంటున్నవాళ్లను అడగకుండా ఇంటి గురించి రాయకూడదని అక్కడ నేర్చుకున్నాను. నన్ను ఆపిన సమ్మెకూ, విరిగిన అద్దాన్ని దాచని అనసూయమ్మకూ కృతజ్ఞుణ్ణి. ఆమె దాచి ఉంటే నేను ఆ ఇంటిని మంచిదని రాసేవాణ్ణి, ఆ మూల మాత్రం కూలేది.