మైనస్‌లోకి పోయిన నెత్తళ్ళు

ఈ సంగతి నేనే రాసిపెట్టాలి. ఎందుకంటే మా భావనపాడులో దీన్ని తప్పుగా చెప్పుకుంటున్నారు. ఎవరినడిగినా, "ఆ రోజు కంప్యూటర్‌కి దిష్టి తగిలింది, మర్నాడు దిగిపోయింది" అంటారు. అసలు జరిగిందేమిటో తెలిసినదాన్ని నేను. పైగా తెలుసుకున్నది గ్రంథాలయంలో కూర్చుని, సొంతంగా చదివి. ఆ గర్వం కొంచెం ఉంది, దాచుకోను.

నేను చదివింది బి.ఎ. కంప్యూటర్ క్లాసుకి ఏనాడూ వెళ్ళలేదు. టెక్కలి గ్రంథాలయంలో సి అనే కంప్యూటర్ భాష మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. వీలున్నప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి, కొన్ని పేజీలు చదివి, బస్సులో మననం చేసుకుంటూ వచ్చి మా అత్త వాళ్ళ వసారాలో ఉన్న పాత కంప్యూటర్ మీద కూర్చునేదాన్ని. అది మా బావది. ఎచ్చెర్లలో చదువుకుంటూ కొత్తది కొనుక్కుని దీన్ని ఇంట్లో పడేశాడు. అందులో కాలేజీల్లో అప్పటికీ వాడుతున్న పాత నీలం తెర కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంని యంత్రం భాషలోకి మార్చేది, ఉండేది.

ఆ ఏడు మా అత్త, ఇంకొందరు ఆడవాళ్ళు కలిసి వేలెడంత ఎండు చేపలు, నెత్తళ్ళు, ఒకే మూటగా విజయనగరం పంపాలనుకున్నారు. మా ఒడ్డున ఎవరి గంప వాళ్ళదే. ఒకరి చేప ఇంకొకరి చేపలో కలవడమంటే ఎవరికీ నమ్మకం కుదరదు. అందుకని ప్రతి గంపా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, బరువు నా ప్రోగ్రాంలో కొట్టి, మొత్తం అందరికీ తెర మీద చూపిస్తానని అత్తకు మాటిచ్చాను. కిలోల్లో కొడదామంటే ఒప్పుకోలేదు. గుప్పెడు నెత్తళ్ళ కోసం గంటసేపు దెబ్బలాడుకునేవాళ్ళు వాళ్ళు. సరే, గ్రాముల్లోనే పెట్టాను.

వ్యాను వచ్చే ముందురోజు ఒకసారి తూచి చూద్దామని అందరూ వసారాలో చేరారు. గంపలు ఒక్కొక్కటే ఎక్కాయి. తెర మీద అంకె పెరుగుతూ ముప్పై వేల నూటయాభైకి వచ్చింది. ఆఖరి గంప మా వదినది. వరసకు వదిన. లోపలి రైతుల ఊరి నుంచి వచ్చి మా ఊరివాడిని పెళ్ళి చేసుకుంది. చేపల్ని ఇసకలో ఎండబెట్టకుండా పాత వల పరిచి, ఎత్తు మీద ఎండబెడుతుందని అందరూ నవ్వేవారు. అత్త పట్టుబట్టాకే ఆమెను కలుపుకున్నారు. ఆమె గంప నాలుగు వేల యాభై గ్రాములు తూగింది. కొట్టాను.

మొత్తం: మైనస్ ముప్పైయొక్క వేల మూడు వందల ముప్పైయారు.

"ఓలమ్మో! ఉన్న సేపలు కూడా పోనాయేటే?" అంది అత్త.

"సముద్రానికి బాకీ పడిపోనాం," అని ఒకామె నవ్వింది.

మా పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "అందరివీ కలిపినంతసేపూ బాగానే ఉన్నాది. ఈ పిల్ల గంప పెట్టగానే తిరగబడిపోనాది. నాను ముందే సెప్పినాను. దీని గంప వద్దు, దీని సెయ్యి కలవదు."

వదిన గంప దించుకుంది. ఆమెను వదిలేసి మూట పంపుదామని అక్కడే అనేసుకున్నారు. అత్త నా వైపు తిరిగి, "రేపు మజ్జానానికి వ్యానొచ్చీస్తాది. అప్పటికి నీ పెట్టె సంగతేటో సూడు. లేపోతే ఆ పిల్ల మొహం ఇంక ఎవరూ సూడరు," అంది.

పొద్దున్నే బస్సెక్కాను. గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. అప్పటిదాకా నేను చేరని అధ్యాయం ఒకటుంది, మెమరీలో పూర్ణాంకాలు ఎలా ఉంటాయన్నది. తెరిచాను.

ప్రోగ్రాంలో మొత్తం దాచే చోట నేను ఇంట్ అని రాశాను. అలా రాస్తే ఆ పాత కంపైలర్ ఇచ్చేది పదహారు గళ్ళు. ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ. కుడి చివర గడి విలువ ఒకటి, పక్కది రెండు, ఆపైది నాలుగు, అలా రెట్టింపవుతూ పోతుంది. ఎడమ చివరి గడి ఒక్కటే వేరు, దాని విలువ మైనస్! మైనస్ ముప్పైరెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది. మిగతా పదిహేనూ నిండితే ముప్పైరెండు వేల ఏడు వందల అరవై ఏడు. ఇంకొక్క గ్రాము వేస్తే ఆ పదిహేనూ ఖాళీ అయి, ఎడమ గడి నిండుతుంది.

బస్సు టికెట్ వెనక పెన్సిల్‌తో లెక్క కట్టాను. మా అసలు మొత్తం ముప్పైనాలుగు వేల రెండు వందలు. ఎడమ గడి నిండాక ఇంకా పద్నాలుగు వందల ముప్పైరెండు మిగులుతుంది. ఆ మైనస్‌కి ఇది కలిపితే? మైనస్ ముప్పైయొక్క వేల మూడు వందల ముప్పైయారు. తెర మీద కనిపించిన అంకే! ఒక్క గ్రాము తేడా లేదు!

"వచ్చేసింది!" అని అరిచాను. పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. గ్రంథాలయం అయ్యగారు, "ఏటమ్మా, ఉద్యోగమా?" అన్నారు.

"కాదండీ, మైనస్!"

వసారాకొచ్చి ఇంట్ తీసేసి లాంగ్ అని పెట్టాను. అంటే ముప్పైరెండు గళ్ళు. నిన్నటి బరువులే కొట్టి ఉత్సాహంగా నడిపించాను. మళ్ళీ అదే మైనస్! బావకు ఫోన్ చేశాను.

"ఏటే పండితురాలా, గళ్ళు పెంచీసావు గానీ తెర మీద సూపించే ప్రింటు కాడ ఏటి రాసావు?"

"పర్సెంట్ డి."

"అదే మరి. అది పదహారు గళ్ళే సూస్తాది. మజ్జిలో ఎల్ పెట్టు."

పెట్టాను. అప్పటికే ఆడవాళ్ళు వచ్చేశారు. వదినను నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆమె గంప ముందు తూచేద్దామని కాటా మీద పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ముందెడితే, ముందెట్టారు గనక సరిపోనాది అంటారు. నిన్నట్లాగే ఆఖర్న పెట్టు."

అలాగే పెట్టాను. ముప్పై వేల నూటయాభై. ఆమె గంప ఎక్కింది. ముప్పైనాలుగు వేల రెండు వందలు. మైనస్ లేదు. తర్వాత పాత ప్రోగ్రాం తెరిచి, ఈసారి పెద్దమ్మ గంప ఆఖర్న కొట్టాను. మైనస్.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ, నా గంపకి కూడానా!" అని పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆ తర్వాత తనే వదిన గంప ఎత్తి మూటలో గుమ్మరించింది.

పేర్లు రాయనని వాళ్ళకు మాటిచ్చాను కనుక వరసలతోనే చెప్పుకుంటాను. వసారా ఇచ్చిన అత్తకు, ఎల్ చెప్పిన బావకు, నేను అరిచినా బయటికి పంపని గ్రంథాలయం అయ్యగారికి, ఓడిపోయినందుకు అలగని పెద్దమ్మకు నా దండాలు. వదినకు అందరికంటే ఎక్కువ. ఆ రోజు నా మాట మీదే జరిగి ఉంటే ఆమె గంప ముందే తూగేది, లెక్క కుదిరేది, మూట వెళ్ళిపోయేది, ఆమె మీద మాట మాత్రం అలాగే ఉండిపోయేది.