సచిన్ రోడ్డు మీద మా బావ

మా బావ పోయి పదిహేను రోజులైంది. ఫోను వచ్చినప్పుడు సూరత్ లింబాయత్‌లోని నా మెకానిక్ షెడ్డులో ఒక బండి ఇంజను విప్పుతున్నాను. మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మధ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. చేతులకు అంటిన ఆయిలు కడుక్కుంటూ ఏడ్చాను. ఆ ఏడుపులోనే కోపం కూడా వచ్చింది. ఒక్క మాట చెబుతాడని ఏడేళ్లుగా ఎదురుచూశాను. చెప్పకుండానే పోయాడు.

పద్దెనిమిదో ఏట నన్ను సిరిసిల్ల నుంచి సూరత్‌కు తీసుకొచ్చింది ఆయనే. అక్కను చేసుకున్నవాడు నాకు తండ్రి లేని లోటు కూడా తీర్చాడు. తెగిన పోగు ముడివేయడం, బజారులో హిందీ మాట్లాడటం, బండి నడపడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సూరత్ పక్కనే ఉన్న సచిన్‌లో ఇద్దరిదీ ఒకే కార్ఖానా, ఇద్దరికీ ఒకటే బండి.

ఆ దారిలో ట్రాఫిక్ నత్తనడక. కాస్త ఆగితే చాలు, బావ తాళం తిప్పి ఇంజను ఆపేసేవాడు. వెనక హారన్లు మోగినా లెక్కచేసేవాడు కాదు.

"ఉరికితెనే ఇంజనుకు గాలి తగుల్తది. నిలవెట్టి మండిస్తే ఉడుకుతది. కొట్టుకోనీ హారన్లు, బండి మనది గదా" అనేవాడు.

క్లచ్ సగం నొక్కిపట్టి బండిని పాకించేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "సగం క్లచ్చు, సగం మాట, రెండూ ముంచేటివే రా" అనేవాడు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ మాటలు పెట్టిందే. కాదనను.

ఏడేళ్ల కిందట మే నెలలో వంతెన పనుల వల్ల సచిన్ రోడ్డు సగం మూసేశారు. మేమిద్దరం అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్లాం. ఇంకోసారైతే పనిలోంచి తీసేస్తానన్నాడు సేఠ్. ఆ రోజు బండి బావే నడుపుతున్నాడు. ఆయిలు మార్చాలని వారం నుంచి నేను చెబుతూనే ఉన్నాను. ఆ తొందరలో తను చెప్పే సుద్దులన్నీ మరిచాడు. లారీల సందుల్లో సగం క్లచ్ మీదే ముందుకు తోశాడు. మాడువాసన వచ్చింది.

"బావా, జర ఆపు" అన్నాను.

"గీ లారీ దాటనీ" అన్నాడు.

లారీ దాటకముందే ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి ఇద్దరం పక్కకు ఒరిగాం. ఎండలో బండిని ఈడ్చుకుంటూ కార్ఖానా చేరేసరికి గంటన్నర ఆలస్యం.

సేఠ్ గేటు దగ్గరే ఆపి, బండి ఎవరు పాడుచేశారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బావ నా వైపు చెయ్యి చూపించాడు. "ఇసీనే చలాయా, సేఠ్. మైనే మనా కియా థా." వీడే నడిపాడు, నేను వద్దన్నాను అని. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. నన్ను ఆ గేటు నుంచే పంపించేశారు.

సాయంత్రం నా గదికి వచ్చాడు.

"నాకు ఇద్దరు పిల్లలున్నరు. నువ్వు ఒక్కనివి, ఏడనన్న బతుకుతవ్. అక్కకు చెప్పకు రా" అన్నాడు.

అంతే. తప్పైందని అనలేదు.

నేను అక్కకు చెప్పలేదు. ఒక మెకానిక్ దగ్గర చేరి, పని నేర్చుకుని, సొంత షెడ్డు పెట్టుకున్నాను. బావ నెలకోసారి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. నేను విప్పిన ఇంజన్లు చూసి, "చెయ్యి మంచిగ తిరిగింది రా" అని మెచ్చుకునేవాడు. టీ తాగేవాడు, వెళ్లేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇవాళ అంటాడేమో అనుకునేవాణ్ని.

దినాల నాడు అక్క నా పక్కన కూర్చుంది.

"తమ్మీ, నీ నౌకరి పోయినప్పుడు మీ బావ సేఠ్ కాళ్లు పట్టుకున్నడట గదా? తప్పు నాది, నన్ను తీసెయ్, వాణ్ని ఉంచుకో అన్నడట. గా ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో నాకు. నీకు ఎర్కేనా?"

అక్క కళ్లు వాచి ఉన్నాయి. నా జవాబు కోసం చూస్తోంది.

"ఎర్కే అక్కా" అన్నాను.

ఆ పది రోజుల్లో ఆమె ముఖం తేటపడటం అప్పుడే చూశాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, గుమ్మంలో నిలబడ్డ పక్కింటి గుజరాతీ ఆమె చెయ్యి పట్టుకుంది. తన భర్త తన తమ్ముడి కోసం ఏం చేశాడో, వచ్చీరాని హిందీలో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.