గేదె వీపు

శిల్పాల తోట కాపలాదారుకి సొంత పేరు ఒకటుంది గానీ, హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా దానితో పని పడదు. ఊరంతా ఈలాయన అంటుంది. పద్నాలుగేళ్లుగా మెడలో నల్లతాడు, తాడుకి ఇత్తడి ఈల. పిల్లలు తోట గోడ బయట నిలబడి ఆయన నడకనీ ఈలనీ కలిపి వెక్కిరిస్తారు. అది ఆయనకి తెలుసు. భయపడేవాళ్లే వెక్కిరిస్తారని ఆయన లెక్క. ఆ లెక్కతోనే చాలాకాలం ఛాతీ విరుచుకుని తిరిగాడు.

తోట పెద్దదేం కాదు. బస్టాండు వెనక, పాత నీళ్ల ట్యాంకు పక్కన రెండెకరాల జాగా. పద్నాలుగేళ్ల కిందట మున్సిపాలిటీ వాళ్లు ఎక్కడెక్కడి శిల్పులనో పిలిచి, నెల్లాళ్లు ఇక్కడే ఉంచి, తొమ్మిది బొమ్మలు చేయించారు. పళ్లచక్రాలు అతికించి చేసిన ఇనుప కొంగ ఉంది. తల లేని మనిషి ఉన్నాడు. వాడి పక్కన నిలబడి ఫొటో దిగని కొత్త జంట ఊళ్లో లేదు. అన్నిటికంటే పెద్దదీ, ఎవరికీ అర్థం కానిదీ తొమ్మిదోది. ఇరవై అడుగుల నల్లరాయి. ఒక పక్క ఐదు గుంటలు, ఇంకో పక్క ఏటవాలు. ముఖం లేదు, కాళ్లు లేవు, కనీసం నునుపైనా లేదు. ఊరు దానికి 'పడుకున్న గేదె' అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది. మిగతా ఎనిమిదింటి ముందూ బోర్డులున్నాయి. గేదెకి లేదు.

గేదె చుట్టూ ముళ్లమొక్కలు నాటింది ఈలాయనే. మొదట్లో అక్కడ ఇసుక పోసి ఉండేది. పనివాళ్లు వదిలేసి పోయారనుకుని ఎత్తించేశాడు. ఆ తరవాత ఆ రాయిని ఒక్క చెయ్యి తాకితే ఒట్టు. గేటు పక్క గదిలో, చైర్మన్ సంతకంతో 'ఉత్తమ కాపలాదారు' అని ఇచ్చిన కాగితం అద్దం కట్టించుకుని మరీ వేలాడుతోంది.

ఆ రోజు పొద్దున పది దాటింది. ఒక ముసలావిడ టికెట్టు తీసుకుని లోపలికొచ్చింది. కొంగ వైపు చూడలేదు, తల లేని మనిషి వైపు చూడలేదు. నేరుగా గేదె దగ్గరికి నడిచి, ముళ్లమొక్కలని చేతికర్రతో పక్కకి నెట్టి, రాయి మీద అరచెయ్యి ఆనించింది. ఈలాయన ఈల తోట చివరిదాకా మోగింది.

"ఏమ్మా, పెద్దదానివి, నీకూ చెప్పాలా? చెయ్యి తియ్యి."

ఆవిడ తియ్యలేదు. "ఎందుకు తియ్యాలి?"

"ముట్టుకోకూడదు. రూలు."

"ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడితే ఏంటమ్మా. పాటించడం కదా ముఖ్యం."

"నేనైతే పెట్టలేదయ్యా," అందావిడ. "దీన్ని చెక్కింది నేను."

మళ్లీ ఊదడానికి ఎత్తిన ఈల ఆయన వేళ్లలోంచి జారి ఛాతీ మీద పడింది. అప్పటికే ఈల విని పార్కు సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ ఎవరో తెలిశాక చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

"రండి మేడమ్. ముందు చెబితే కారు పంపేవాళ్లం."

"కారు సంగతి అలా ఉంచండి. ఇదేంటి, ఇంకా ఇంత గరుగ్గా ఉంది? ఈపాటికి అద్దంలా మెరవాలే."

"రోజూ తుడిపిస్తూనే ఉన్నాం మేడమ్."

"తుడిస్తే రాదు నాయనా, జారితే వస్తుంది. ఇందులో సగం పని నా ఉలిది, సగం పిల్లల లాగూలది. కావాలనే ఆఖరి పాలిష్ పెట్టకుండా వదిలేశాను. బోర్డు మీద అదే కదా రాయించి పంపాను?"

"బోర్డా? దీనికి బోర్డు రాలేదు మేడమ్. బోర్డులు తెచ్చిన కాంట్రాక్టరు ఏ పాత ఇనుము కొట్లోనో అమ్ముకుని ఉంటాడు. మనిషి పోయి కూడా ఐదేళ్లయింది."

"పోయినవాణ్ణి ఏమంటాంలే," అని ఆవిడ రాయి మీంచి చెయ్యి తీసి, వేళ్లకంటిన దుమ్ము చూసుకుంది. "గేదె అంటున్నారట. బానే ఉంది. గేదె కనిపిస్తే ఎక్కని పిల్లలుంటారా అసలు?"

"మా వాడు ఎక్కనిస్తే కదా మేడమ్," అని సూపర్‌వైజరు ఈలాయన భుజం తట్టాడు. మెచ్చుకోవాలో తిట్టాలో ఆయనకీ తేలలేదు.

ఈలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నింద చచ్చినవాడి మీదికి పోయింది. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు. నోరు మూసుకుంటే చాలు, ఆవిడ రేపు బస్సెక్కి వెళ్లిపోతుంది. నిజమేమిటంటే ఆ బోర్డు ఏ కొట్టుకీ పోలేదు. పదకొండేళ్లుగా ఆయనింట్లో నీళ్ల డ్రమ్ముకి మూతగా ఉంది.

తోట తెరిచిన రెండో నెలలో జరిగిందది. పదేళ్ల కూతురు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది. ఈలాయన గదిలో కూర్చుని తింటున్నాడు. బయట పిల్లల నవ్వులు వినిపించి చూస్తే, కూతురు గేదె మీద ఉంది. కింద ఆమె క్లాసు పిల్లలు నలుగురున్నారు. అటుగా సూపర్‌వైజరు వస్తున్నాడు. ఒక్క గీత పడినా ఉద్యోగం ఉండదని అంతకు ముందు వారమే ఆయన చెప్పి ఉన్నాడు. ఈలాయన ఎంగిలి చేత్తోనే వెళ్లి, పిల్ల జబ్బ పట్టి కిందికి లాగి, చెంప మీద ఒక్కటిచ్చాడు. గౌను రాయికి పట్టుకుని నడుము దాకా చిరిగింది.

"నా కూతురైనా ఒకటే సార్," అన్నాడు. సూపర్‌వైజరు వినాలని కాస్త గట్టిగానే అన్నాడు.

క్లాసు పిల్లలు ముందు బిత్తరపోయి, తరవాత నవ్వారు. పిల్ల ఏడవలేదు. చిరుగు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఖాళీ క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి క్యారేజీ గేటు ఊచకి తగిలించి, కేక వేసి పోయేది. పద్నాలుగేళ్లయింది, ఆ గేటు దాటి లోపలికి రాలేదు. పెళ్లయినప్పుడు ఫొటోలాయన తోటకి పోదామంటే, ఎండగా ఉందని చెప్పి మానిపించింది. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

ఉత్తమ కాపలాదారు కాగితం వచ్చింది ఆ దెబ్బ పుణ్యమే.

మూడో ఏడు స్టోరు గది ఖాళీ చేస్తుంటే, గట్టిపడిన సిమెంటు బస్తాల వెనక ఒక ఇనుప రేకు దొరికింది. ఈలాయన అక్షరాలు కూడబలుక్కుని, పెదాలు కదుపుతూ చదివాడు. 'ఈ రాయి పిల్లలది. ఎక్కండి, జారండి. మీరు జారేకొద్దీ నునుపు తేలుతుంది. దీన్ని పూర్తి చేయాల్సింది మీరే.' రెండోసారి చదవలేదు. ఒక్కసారికే చెంపలు మండాయి. ఆ బోర్డు బయట పెడితే, కూతుర్ని ఎందుకు కొట్టినట్టు? కాగితం ఎందుకిచ్చినట్టు? రోజుకి ఇరవైసార్లు ఊదిన ఈల దేనికి ఊదినట్టు? కంచెకి పూయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూసి, గోనెలో చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు. ఆ వారమే నీళ్ల డ్రమ్ము మూత విరిగింది. రేకు కొలిచి కోసినట్టు సరిపోయింది.

సూపర్‌వైజరు శిల్పి గారిని టీకి తీసుకెళ్లాడు. ఈలాయన గేటు వదిలేసి ఇంటికి నడిచాడు. ఆ గేటు డ్యూటీలో వదలడం అదే మొదటిసారి.

ఇంటి ముందు గదిలో కూతురు కుట్టు మిషను తొక్కుతోంది. ఆమె కాపురం పక్క వీధిలోనే. నాలుగేళ్ల పిల్లని అమ్మమ్మకి అప్పగించి, ఇక్కడే కూర్చుని జాకెట్లు కుడుతుంది. భార్య వంటగదిలోంచి తొంగి చూసింది.

"ఏమయ్యా, ఈ వేళప్పుడొచ్చావు? బొమ్మలు గానీ లేచిపోయాయా?"

ఈలాయన డ్రమ్ము మీది రేకు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఓయ్, నీళ్లలో బల్లి పడుద్ది. ఎక్కడికయ్యా దాన్ని?"

మిషను ఆగింది. "పెట్టడానికి తీసుకెళ్తున్నావా నాన్నా, పారెయ్యడానికా?" అంది కూతురు. తల ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తోంది.

ఈలాయన రేకు తిప్పి చూశాడు. ఇన్నేళ్లలో కింది వైపు ఆయన ఎప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండటానికి నీళ్లు కూడా భార్యనే ముంచిపెట్టమనేవాడు. చెమ్మకి ఆకుపచ్చ రంగంతా పొరలు పొరలుగా ఊడిపోయింది. తుప్పు మధ్యలో అక్షరాలన్నీ ఉన్నాయి.

"నీకెప్పుడు..."

"నాకు పదిహేనేళ్లప్పుడు ముందు 'జారండి' ఒక్కటే కనపడింది. ఇదేం మాటా అని నవ్వుకున్నా. తరవాత 'పిల్లలది' బయటపడింది. రాయి అన్నది ఆఖర్న ఊడింది."

"అడగలేదేమ్మా?"

"నువ్వే చెప్తావనుకున్నా. ఒక ఏడు చూశా, రెండేళ్లు చూశా. తరవాత మూత తీయడం, నీళ్లు ముంచుకోవడం. అంతే."

"ఏంటే, ఏం రాసుంది దాని మీద?" అంది తల్లి. కూతురు చదివి చెప్పింది. ఆవిడ మొగుడి వంక చూసి, "నాకు చదువు రాదు కాబట్టి ఇన్నాళ్లు బతికిపోయావు," అని లోపలికి పోయింది.

ఈలాయనకి తలకొట్టేసినట్టయింది. "తెలీక కొట్టానమ్మా," అన్నాడు.

"తెలీక కొట్టావు. దానికేం లేదు నాన్నా, అందరూ కొడతారు. తెలిశాక రంగు పూశావు చూడు." కూతురు మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇక ఆ చప్పుడులో ఏం మాట్లాడినా వినపడదు.

వీధిలో నడుస్తూ ఈలాయన అక్షరాలు ఛాతీ వైపు తిప్పుకున్నాడు. సైకిలు షాపతను "ఏం ఈలాయనా, ఇంటి తలుపు ఊడిందా?" అన్నాడు. తోట గేటు దగ్గరికొచ్చాక ఆగి, రేకుని బయటికి తిప్పి పట్టుకున్నాడు.

శిల్పి గారు కొంగ దగ్గరి బెంచీ మీద ఉన్నారు. రేకు ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు.

"ఇది నా దగ్గరే ఉందమ్మా. పదకొండేళ్లుగా."

సూపర్‌వైజరు కంగారుపడ్డాడు. "అంటే మేడమ్, పాపం, వాడికి చదువు అంతగా..."

"చదివాను సార్. దొరికిన రోజే చదివాను."

ఆవిడ తుప్పు మీద వేలితో రాసి చూసింది. "మరి ఎందుకు దాచావు?"

"అప్పటికే ఒకరిని కొట్టానమ్మా. ఆ రాయి ఎక్కినందుకు."

"ఎవరిని?"

"మా అమ్మాయిని."

ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ గేదె వైపు చూసి, మామూలుగా అంది. "రాయికి తొందర లేదు నాయనా. నాకే డెబ్బై ఆరు. ఇప్పుడు మొదలుపెడితే నునుపు తేలేసరికి పదేళ్లు, పదిహేనేళ్లు. నేను చూడను. నువ్వు చూస్తావేమో." లేచి కర్ర అందుకుంది. "ఆ ముళ్లమొక్కలు మాత్రం ఇవాళే పీకెయ్యి. పిల్లలు చెప్పుల్లేకుండా వస్తారు."

ఈలాయన సాయంత్రం దాకా పీకాడు. తోటమాలి గునపం తెచ్చిస్తే వద్దన్నాడు. ఆవిడ మర్నాడు మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది, మళ్లీ తోటకి రాకుండానే. ఉత్తమ కాపలాదారు కాగితం అదే రోజు మేకుతో సహా దిగింది.

బోర్డు పెట్టారు, ఇసుక పోశారు. పిల్లలు రాలేదు. వచ్చినవాళ్లు బోర్డు చదివి, ఈలాయన్ని చూసి, మెల్లగా వెనక్కి తగ్గేవారు. ఈల తీసి సొరుగులో పడేసినా అంతే. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా," అని సైకిలు షాపతను గోడ అవతల నుంచి వినపడేలా అన్నాడు.

మూడో రోజు ఈలాయన బూట్లు విప్పి, గుంటల్లో కాళ్లు పెట్టి తనే ఎక్కాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, యూనిఫారంలో. పైన కూర్చుంటే గోడ అవతలి వీధంతా కనిపించింది, వీధికి ఆయన కనిపించాడు. జారాడు. జారడం అనకూడదు, ఈడ్చుకుంటూ దిగాడు. రాయి ఆకురాయిలా పట్టుకుంది. బస్టాండు దగ్గర ఎవరో ఈల వేశారు. నవ్వులు వినపడ్డాయి. ఆయన ఇసుక దులుపుకుని మళ్లీ ఎక్కాడు.

వారానికి ప్యాంటు పోయింది. భార్య అతుకు వేస్తూ, "ఉద్యోగం చేస్తున్నావా, రెండో చిన్నతనమా?" అంది. రెండో ప్యాంటూ పోయాక అతుకులు కూతురి మిషను మీదికి వెళ్లాయి. ఆమె రెండేసి పొరలు వేసి కుట్టింది.

నవ్వడానికి వచ్చిన పిల్లలు పది రోజులకి ఇసుక దాకా వచ్చారు. తరవాత ఆయన వెనకాలే ఎక్కారు. తరవాత ఆయన్ని తోసుకుని ఎక్కారు. ఈలాయన వాళ్లకి దారిస్తూ పక్కన నిలబడేవాడు. ఎవరైనా కాలు తడబడితే చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి, లేని ఈల దగ్గరికి పోయేది. అది చూసినప్పుడల్లా చెయ్యి జేబులో పెట్టుకునేవాడు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం గేటు దగ్గర కేక కోసం చూస్తుంటే, కేక రాలేదు. కూతురు ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో పిల్లని పట్టుకుని గేటు లోపల నిలబడి ఉంది. ఈలాయన ముందుకి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమె ఆయన్ని దాటుకుని గేదె దగ్గరికి పోయింది. పిల్ల చెయ్యి విడిపించుకుని గుంటల్లోకి ఎగబాకింది. కూతురు ఏటవాలు మీద అరచెయ్యి ఆనించి, పైనుంచి కిందికి మెల్లగా రాసింది.

"ఇంకా గరుగ్గానే ఉంది," అంది.

"పడుతుందమ్మా టైము." "నువ్వు కూడా ఒక్కసారి..."

"నాకిప్పుడు ఇరవై నాలుగు నాన్నా."

కోపంగా అనలేదు. పిల్ల మూడుసార్లు జారాక ఎత్తుకుని, గౌను వెనక తిప్పి చూసింది. చిరగలేదు. క్యారేజీ గేటు ఊచకి తగిలించకుండా లోపలి బెంచీ మీద పెట్టి, "చల్లారకముందే తిను," అని వెళ్లిపోయింది.

ఈలాయన క్యారేజీ వైపు చూశాడు. దాన్ని విప్పే మొహం ఆయనకి లేదు. బూట్లు విప్పి, మొదటి గుంటలో కాలు పెట్టాడు.