బోరు మోటరుకు బొటనవేళ్లు

ఈరోజు పొద్దున మా బోరు మోటరు కాలిపోయింది. క్యారెట్ మడి ఎండుతోంది, పైపులు లాగడానికి మనుషులు కావాలని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బొటనవేళ్ల బొమ్మలు బోలెడు వచ్చాయి, మనిషి ఒక్కడూ రాలేదు. మధ్యాహ్నం, ఊళ్లో అందరూ అవ్వ అని పిలిచే మా ఇంటామె అదే మాట తన భజన గ్రూపులో చెప్పింది. అరగంటలో ఆరుగురు దిగారు. అందరూ పొద్దున వేలు చూపించినవాళ్లే!

"ఏం రా మల్లేశా, పొద్దుగాల ఎటు వోయినవ్?" అని అడిగాను.

"ఊరి గ్రూపుల ఎవలో ఒకలు పోతరనుకున్న బాపు. భజనల అట్ల గాదు గద! రాకపోతే శనివారం అవ్వ ముందట కూసొని తాళం ఎట్ల కొట్టాలె?"

మోటరు తీశారు, మంచిదే. కానీ మా ఊరు కనకమామిడిలో నేను భుజం పెట్టని బోరు లేదు. నేను పిలిస్తే రాని కాళ్లు ఆమె పిలిస్తే ఎట్ల వచ్చాయి? మీ ఊళ్లో కూడా గిట్లనేనా, చెప్పండి.