ఉప్పుగాలికి నిలిచే పెన్ను

పనస చెక్కలోకి డ్రిల్లు బిట్టు దిగుతుంటే ఒక వాసన వస్తుంది. తియ్యగా మొదలై, చివర్లో కాస్త మాడినట్టు ఉంటుంది. ఇవాళ పొద్దున ఆ వాసన షెడ్డంతా కమ్ముకోగానే నా చెయ్యి దానంతట అదే ఆగింది. బిట్టు బయటికి లాగి, చెక్క చల్లబడేదాకా నిలబడ్డాను. ఒక్క ఊపున తొలిస్తే చెక్క వేడెక్కుతుందని, అప్పుడు కాకపోయినా కొనుక్కున్నవాడి జేబులోనైనా పగులుతుందని నాకు నేర్పిన మనిషి దమయంతి అత్త. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

అత్త అంటున్నాను గాని మాకు చుట్టరికమేమీ లేదు. ఉద్దానంలో మా కొబ్బరితోట, జీడితోట తుఫానుకు నేలకొరిగాక మందస దగ్గరి మా ఊరు వదిలి కాశీబుగ్గలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. పక్కిల్లు ఆవిడది. భర్త పోయినప్పుడు కర్రను తిప్పుతూ చెక్కే ఆయన లేత్ మిషను అమ్మేయమని అందరూ చెప్పినా వినక, తనే పని నేర్చుకుని మంచం కోళ్లు, చపాతీ కర్రలు చేసి పలాస బజారుకు వేసేది. పొడుగు మనిషి. కొంగు నడుముకు బిగించి, కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకుని పనిచేసేది. నేను డిగ్రీ అయిపోయి ఊరికే ఉన్నాను. నాన్న పొద్దున్నే గుమ్మం ముందు కూర్చుని రోడ్డు వైపు చూస్తుండేవాడు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు కాపుకు వచ్చేదాకా మా బతుకేమిటన్నది ఇంట్లో ఎవరూ పైకి అనని మాట. ఆ మౌనం భరించలేక అత్త షెడ్డుకు వెళ్లి కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లకు ఆవిడే నా చేతికి ఉలి ఇచ్చింది.

చెక్క పెన్ను సంగతి ఒక బ్యాంకు ఆఫీసరు వల్ల మొదలైంది. తోటల నష్టం చూడటానికి వచ్చిన ఆయన జేబులో నున్నటి చెక్క పెన్ను ఉంది. బయటి దేశం నుంచి ఎవరో తెచ్చి ఇచ్చారట. అడిగి చేతిలోకి తీసుకుని చూశాను. మా ఊళ్లో పడిపోయిన పనస చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి, పసుపురంగు తేలిన మంచి చెక్క, ఇలాంటివి మనం చేయలేమా అని అత్తను అడిగాను. ఆవిడ చేస్తున్న కోడు పూర్తిచేసి పక్కన పెట్టింది.

“కర్ర మనం సేత్తాం బాబూ. లోపలి సామాను ఎవులు సేత్తారు? పెన్ను పాడైతే ఆ సామాను వల్లే పాడవుద్ది. మాట మాత్రం మనకే వత్తాది” అంది.

ఆ లోపలి సామానునే పెన్ను కిట్టు అంటారని తర్వాత తెలిసింది. చెక్క లోపల అంటించే ఇత్తడి గొట్టాలు, జేబుకు తగిలించే క్లిప్పు, మధ్యన రింగు, మూతి, తిప్పితే రీఫిల్లు బయటికొచ్చే మర. పలాసలో, టెక్కలిలో స్టేషనరీ షాపుల్లో అడిగితే నన్ను వింతగా చూశారు. ఆఖరికి బరంపురంలో ఒక వ్యాపారి కలకత్తా నుంచి తెప్పించి ఇచ్చాడు. పొట్లం విప్పితే పెళ్లికూతురి నగల్లా మెరిశాయి. అత్త మాత్రం ఒక్కో ముక్కా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తిప్పి చూసి కింద పెట్టింది. బాగోలేదని చెప్పడానికి ఆవిడకూ ఆధారం దొరకలేదు.

మొదటి పెన్నులు చాలావరకు పాడుచేశాను. గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్దకుండా అంటిస్తే లేత్ మీద చెక్క ఊడి గిరగిరా తిరిగింది. మర బిగించేటప్పుడు వంకర పోతే చెక్క నిలువునా చీలింది. మెల్లగా చెయ్యి కుదిరింది. బ్యాంకు ఆఫీసరు ఒకటి కొన్నాడు. టెక్కలిలో కాలేజీ లెక్చరర్లు కొన్నారు. బారువ నుంచి ఎండుచేపల వ్యాపారానికి పలాస వచ్చే అప్పన్న కొన్నాడు. సంతబొమ్మాళి మండలంలో ఒక హెడ్మాస్టరు రిటైరవుతుంటే, సన్మానంలో ఇవ్వడానికి అక్కడి మాస్టార్లు ఒకటి చేయించుకున్నారు. నాన్న ఆ వారం నాతో కాస్త మాట్లాడాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు అప్పన్న షెడ్డుకు వచ్చాడు. తెల్లచొక్కా జేబు మీద ఆకుపచ్చ మరక. క్లిప్పు మీది బంగారు పూత పొరలుగా లేచింది. మర తిప్పితే ఇసుక పడ్డట్టు కరకరలాడింది. అతనికి కోపం లేదు. “సముద్రం పక్కన ఏది మిగుల్తాదమ్మా, ఇది నా దగ్గరే ఉంటాది” అన్నాడు. అత్త వినలేదు. పెన్ను తీసుకుని, చొక్కా కూడా విప్పించి, సబ్బుతో రుద్దుతూ కూర్చుంది. మరక పోలేదు. నాకు అతనితోపాటు కొన్నవాళ్లందరి జేబులూ కళ్లముందుకొచ్చాయి. హెడ్మాస్టరు సన్మానం ఇంకా జరగలేదు.

“అన్నీ ఎనక్కి తెచ్చీద్దాం” అంది అత్త. ఎవరూ అడగకముందే మనమే వెళ్లి మన వస్తువు మంచిది కాదని ఎలా చెబుతామన్నాను. “అడిగినాక సెప్తే అది సెప్పినట్టేటి?” అంది.

బస్సుల మీద తిరిగాం. టెక్కలిలో ఒక లెక్చరరు పెన్ను ఇవ్వనన్నాడు, తనది బాగానే రాస్తోందట. అత్త ఆయన గుమ్మంలోనే నిలబడి, నలుపు కమ్మిన రింగు చూపించి, ఒప్పించి తీసుకుంది. అక్కడి నుంచి సంతబొమ్మాళి వైపు బస్సెక్కాం. సన్మానం ఏర్పాట్లు చూస్తున్న మాస్టారు మండిపడ్డాడు. రెండ్రోజుల్లో కార్యక్రమం పెట్టుకుని ఇప్పుడొచ్చి పెన్ను పనికిరాదంటారా, ఇంతమాత్రానికి తయారీ ఎందుకు అని, పిల్లల ముందే అరిచాడు. నేను తలొంచుకున్నాను. అత్త తలెత్తే విన్నది. అయ్యాక, మంచి సామాను దొరికిన రోజు మొదటి పెన్ను హెడ్మాస్టరు గారింటికే తెచ్చిస్తామని మాటిచ్చి, ఆ పెన్ను సంచిలో వేసుకుంది. తిరుగు బస్సులో ఆవిడ సంచి విప్పి పెన్నులు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకోవడం చూశాను. ఆవిడకూ భయమేనని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత బరంపురం, కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఎక్కడెక్కడి అమ్మకందారులకో రాసి నమూనాలు తెప్పించాం. వాటిని నీళ్లలో వేసి చూద్దామని నేను, ఒక నెల వాడి చూద్దామని నాన్న. అత్త వాటిని బారువ పట్టుకెళ్లింది. సముద్రానికి ఎదురుగా ఉన్న అప్పన్న ఇంటి చూరుకి ఒక్కో కిట్టునూ ఒక్కో దారంతో కట్టి, ఏది ఎవరిదో తెలిసేలా రంగు గుడ్డపీలికలు ముడివేసింది. పండగ తోరణంలా ఉందని అప్పన్న పెళ్లాం నవ్వింది. వానాకాలం వెళ్లేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

ఆ ఎదురుచూపు నన్ను తినేసింది. ఇంట్లోకి అత్త షెడ్డులో నేను చేసే చపాతీ కర్రల ఆదాయమే. అప్పుడే ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్వైజరు పని ఉందని నాన్న స్నేహితుడొకాయన కబురు పెట్టాడు. ఇప్పుడు చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట. రాత్రుళ్లు గాలి వీస్తే చాలు, బారువలో ఆ దారాలు ఊగుతున్నట్టే ఉండేది. ఏం చేయమంటావని అత్తను అడిగాను.

“ఆగమని నాను సెప్పను. అవన్నీ పచ్చబడిపోతే నీకేటి సెప్పగలను? ఎల్తే ఎల్లు, నాను తప్పు పట్టను” అంది.

వెళ్లలేదు. ధైర్యం వల్ల కాదు. ఏది నిలిచిందో చూడకుండా ఇంకో పనిలో కూర్చోలేననిపించింది. నాన్న కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

వానలు తగ్గాక వెళ్లాం. చూరు కింద నిలబడి పైకి చూడ్డానికి నాకు మనసొప్పలేదు. అత్తే ఒక్కోటీ విప్పింది. బంగారు రంగువన్నీ పచ్చబడ్డాయి. ఒకదాని మర బిగుసుకుపోయింది, మరోదాని స్ప్రింగు వేలు తగలగానే విరిగింది. ఆఖర్లో మద్రాసు నుంచి వచ్చినది, నల్లగా మొద్దుగా ఉందని నేను పక్కన పెడదామన్నది. అత్త దాన్ని కొంగుతో తుడిచింది. ఉప్పు రాలింది, పూత రాలలేదు. మర తిప్పింది. మెత్తగా తిరిగింది. మళ్లీ తిప్పి, నా చేతికిచ్చి, ఇసుకలో కూలబడింది. ఆ ఒక్కసారే ఆవిడ కన్నీళ్లు చూశాను.

మొదటి పెన్ను హెడ్మాస్టరు గారింటికే వెళ్లింది. మనవరాలి పుస్తకం మీద ఆ పిల్ల పేరు రాసి చూసి, చాలా బాగుందన్నాడు. అరిచిన మాస్టారు ఆ తర్వాత వాళ్ల స్కూలుకు కావలసినవన్నీ మా దగ్గరే చేయించాడు. ఆ కిట్లతోనే నా ఇల్లు నిలబడింది.

అత్త పుట్టిల్లు ఉద్దానమే. అక్కడ చాలా ఇళ్లకు తెలిసిన కిడ్నీ జబ్బు ఆవిడకూ వచ్చింది. విశాఖపట్నం ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు ముఖం ఉబ్బిపోయి ఉంది. పెన్నులు హైదరాబాదు దాకా వెళ్తున్నాయని సంతోషపెడదామని చెప్పాను. ఆవిడ అది వినిపించుకోలేదు.

“ఎవులైనా ఎనక్కి తెచ్చేరా?” అంది.

ఒక్కరూ తేలేదన్నాను.

దిండు మీదే తల అడ్డంగా ఊపింది. “తెత్తారు. సేసిందేదైనా ఎప్పుడో అప్పుడు పాడవుద్ది. వచ్చినప్పుడు నువ్వు ఇంటికాడ ఉండు.”

విశాఖలో పెద్ద షాపు పెట్టమని చాలామంది చెప్పారు, వెళ్లలేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా షెడ్డు తలుపు మూయను. కొత్త కిట్ల పార్సిలు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ అన్నం సయించదు. కిందటేడు ఇచ్ఛాపురం నుంచి ఒకాయన ఎప్పుడో కొన్న పెన్ను పాడైతే పట్టుకుని, నేను ఉంటానో లేదో అనుకుంటూ వచ్చాడు. ఉన్నాను. ఎదురెళ్లి, కుర్చీ వేసి, పెన్ను కోసం చెయ్యి చాపాను.